మూడొందల ఫైళ్ల మీద స్క్రిప్ట్ నడిపే ముందు

అమలాపురం

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోల్డరు నిన్న సాయంత్రం తెరిచాను. మన వైపు కొబ్బరి దింపు తీసేవాళ్ల మాటలు, నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ల మాటలు, మొత్తం మూడొందల రికార్డింగులు. ఒక్కోదానికీ టెక్స్ట్‌గ్రిడ్ (ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గుర్తుపెట్టే ఫైలు) కూడా చేశావు. ఎంత ఓపిక పట్టావో నాకు తెలుసు తల్లీ. ఇక ప్రాట్‌లో, అదే మాటల ధ్వనిని కొలిచే ప్రోగ్రాంలో, స్క్రిప్ట్ రాసి అన్నిటినీ ఒకేసారి నడిపేస్తానన్నావు. నడుపు, కానీ ఈ రాత్రికి ఆగు.

ముందు ఆ ఫోల్డరంతా కాపీ చేసి వేరే డ్రైవ్‌లో పెట్టు. నేనొకసారి ఆ పని చెయ్యలేదు. 140 ఫైళ్లలో ‘ఆయ్’ అన్న మాటని కొన్నిచోట్ల ఉత్త ‘ఆ’ అని రాశాం. కోనసీమ మాటకి ఆ ‘ఆయ్’ ప్రాణం కదా, సరిచేద్దామని ‘ఆ’ ఉన్నచోటల్లా ‘ఆయ్’ పెట్టమని స్క్రిప్ట్ రాశాను. లేబుల్, అంటే ఒక్కో ముక్క మీద రాసిన మాట, మొత్తం ‘ఆ’ అయితేనే మార్చమని చెప్పలేదు. ఆకు ‘ఆయ్కు’ అయింది, ఆవు ‘ఆయ్వు’ అయింది. సరిగ్గా ఉన్న ‘ఆయ్’ కూడా ‘ఆయ్య్’ అయింది. స్క్రిప్ట్‌లోంచి సేవ్ చేస్తే పాత ఫైలు మీద రాసెయ్యనా అని ప్రాట్ అడగదు, రాసేస్తుంది. రెండు నెలల పని పోయింది. మళ్లీ మొదటి నుంచి విని రాసుకున్నాం. ఆ రోజు నుంచీ చదివే ఫోల్డరు వేరు, రాసే ఫోల్డరు వేరు పెట్టుకుంటాను. నువ్వూ అలాగే పెట్టుకో.

నీ మొదటి స్క్రిప్ట్ దేన్నీ మార్చకూడదు, కొలవకూడదు. అన్ని ఫైళ్లలోని లేబుళ్లనీ ఏరి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో ఒక జాబితా రాస్తే చాలు. నీవి పది ఫైళ్ల మీద నేను నడిపి చూశాను. ‘ఆయ్’ మూడు వరుసల్లో వచ్చింది, మూడూ కంటికి ఒకేలా ఉన్నాయి! ఒకదాని చివర స్పేస్ ఉంది. ఇంకోదాంట్లో పొల్లు తర్వాత కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది. ‘రాజ్‌కుమార్’లో జకారప్పొల్లు విడిగా నిలవాలని కీబోర్డులో కొడతామే, అదే. మనకి ఒకటే మాట, కంప్యూటరుకి మూడు మాటలు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఆ జాబితా నిదానంగా చదువు. తొందరపడితే తర్వాత లెక్కలన్నీ తప్పుతాయి.

నీ స్క్రిప్ట్‌లో టియర్‌ని, అంటే టెక్స్ట్‌గ్రిడ్‌లో మాటలకో అచ్చులకో ఉండే వరసని, నంబరుతో పిలుస్తున్నావు. నీతో పనిచేసినవాళ్లలో ఒకరు మాటల టియర్ పైన పెట్టారు, ఇంకొకరు కింద పెట్టారు. నంబరు తప్పినా ప్రాట్ ఎర్రర్ ఇవ్వదు, మాట నిడివి కొలవాల్సిన చోట అచ్చు నిడివి కొలిచి ఇస్తుంది. అందుకే ముందు టియర్ పేరు అడిగి, సరిపోతేనే ముందుకెళ్లమని రాయి.

ఫార్మెంట్లకి, అంటే అచ్చుల్లో నోటి ఆకారాన్ని బట్టి గట్టిగా పలికే ఫ్రీక్వెన్సీలకి, అందరికీ ఒకే సీలింగ్ (ఎంత ఫ్రీక్వెన్సీ దాకా వెతకాలన్న పైహద్దు) పెట్టకు. లేసు ఆడవాళ్లకి 5500 హెర్ట్జ్, దింపు మగవాళ్లకి 5000 పెట్టి, రెండు విడతలుగా నడుపు. ఫైళ్లు సేవ్ చేసేటప్పుడు అక్షరాలు దాచే పద్ధతి సెట్టింగ్ యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకో. యూటీఎఫ్-16లో పడితే తర్వాత పైథాన్‌లో తెరిచేటప్పుడు టెన్షన్ పడతావు.

ఫలితాల పట్టికలో ప్రతి వరుసకీ ఫైలు పేరు, ఇంటర్వల్ (టియర్‌లో విడదీసిన ఒక్కో ముక్క) నంబరు, మొదలైన సమయం తప్పకుండా ఉండాలి. ఏదైనా అచ్చు ఒక సెకను పొడుగు వచ్చిందనుకో, వెంటనే ఆ చోటికి వెళ్లి వినగలగాలి. కాకి అరుపో, ఫ్యాను చప్పుడో, నిజంగా సాగదీసి అన్న మాటో చెవికే తెలుస్తుంది.

రేపు మూడే మూడు ఫైళ్ల మీద నడుపు. ఒక మగమనిషిది, ఒక ఆడమనిషిది, గోల ఎక్కువున్నది ఒకటి. వాటిల్లో ఇరవై ఇంటర్వళ్లు చేత్తో కొలిచి, కాగితం మీద రాసుకుని పట్టికతో సరిచూడు. ఆదివారం వస్తావుగా, ఆ కాగితం, హెడ్‌ఫోన్లు తీసుకురా. మిగతావి ఇద్దరం కూర్చుని నడుపుదాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ