డాక్ సేవక్ పని అంటే రోజుకు నాలుగు గంటలేనా?

ప్రశ్న: మా అబ్బాయికి టెన్త్‌లో మంచి మార్కులు రావడంతో గ్రామీణ డాక్ సేవక్ మెరిట్ లిస్టులో పేరు వచ్చింది. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు. నాలుగు గంటల పని, సెంట్రల్ గవర్నమెంటు కొలువు, ఉత్తరాలు కూడా తగ్గిపోయాయి కదా అని బంధువులు అంటున్నారు. వాడేమో మొహం చిట్లిస్తున్నాడు. చేర్పించమంటారా? - ఒక తండ్రి

జవాబు: ముందు ఆ సెంట్రల్ గవర్నమెంటు సంగతి తేల్చేద్దాం. డాక్ సేవకులు పనిచేసేది తపాలా శాఖలోనే అయినా రెగ్యులర్ ఉద్యోగుల లెక్కలోకి రారు. మొదట్లో 10,000 రూపాయల టీఆర్‌సీఏ (జీతం బదులు పని గంటల లెక్కన ఇచ్చే భత్యం), దాని మీద డీఏ, ఏటా 3 శాతం ఇంక్రిమెంటు. రెగ్యులర్ వాళ్లకుండే పింఛను ఉండదు. బతుకుదెరువుకు వేరే ఆధారం ఉండాలని షరతుల్లోనే ఉంటుంది, చాలామంది ఆ లైను చదవకుండానే సంతకం పెట్టేస్తారు.

కార్డులు, కవర్లు తగ్గిన మాట నిజమే. వాటి బదులు ఇప్పుడు వస్తున్నవి ఏటీఎం కార్డులు, ఆధార్‌లు, పాస్‌పోర్టులు, కోర్టు నోటీసులు. శుభలేఖయితే పక్కింట్లో ఇచ్చి వెళ్లినా ఎవరూ పట్టించుకోరు, వీటితో అలా కుదరదు. ఒక్క స్పీడ్ పోస్టు కవరు తీసుకోండి. మీద తండ్రి పేరు, మనిషి పేరు, మెయిన్ రోడ్డు అని మాత్రమే ఉంటుంది, ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువ, ఊళ్లో ఆ పేరుతో ఇద్దరు. మొదటి ఇంట్లో మాది కాదంటారు, రెండో ఇంటికి తాళం, మనిషి పొలంలో ఉంటాడు. ‘డోర్ లాక్డ్’ అని ఫోన్లో ఎక్కిద్దామంటే సిగ్నల్ ఉండదు, సాయంత్రానికి ఆయనొచ్చి ఇంటికి రాకుండానే ఎలా రాశావని గొడవకు దిగుతాడు. కోర్టు నోటీసయితే ఇంకో తంటా. తీసుకోనని తలుపేస్తారు, ‘రెఫ్యూజ్డ్’ అని రాసి వెనక్కి పంపాలి, పంపినవాడికి పడాల్సిన తిట్లు తెచ్చినవాడికి పడతాయి.

ఎండ, వాన, కుక్కల గురించి అందరూ చెబుతారు, నేను పొడిగించను. కుక్క పంటి గాటు చిన్నదే అయినా గాయం సబ్బుతో కడిగి ఆ రోజే టీకాకు వెళ్లాలని మాత్రం అబ్బాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి. తిరగడానికి బండి వాడితే, సైకిల్ అలవెన్స్ అని ఇచ్చేది పెట్రోలుకు ఏ మూలకూ రాదు.

ఎవరూ చెప్పనిది డబ్బు పని. 2018లో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ మొదలయ్యాక సంచితో పాటు వేలిముద్రల మెషిన్ కూడా మోయాల్సి వస్తోంది. ముసలివాళ్ల వేలిముద్రలు అరిగిపోయి మూడుసార్లు పెట్టినా పడవు, నా డబ్బు నాకు ఇవ్వవా అని వాళ్లు నిలదీస్తే ఏం చెప్పాలో తెలియదు. లెక్కలో వంద తగ్గితే అది జేబులోంచే పోతుంది. వీటికి తోడు ఆర్‌డీలు, సుకన్య ఖాతాలు, గ్రామీణ తపాలా బీమా పాలసీలు ఇన్ని చేయించాలని టార్గెట్లు. చాలామందికి సంచి బరువు కంటే ఈ టెన్షనే ఎక్కువ.

నాలుగు గంటలన్నారు కదా, అది జీతం లెక్క. పొద్దున సంచి ఎప్పుడొస్తే అప్పుడే పని మొదలు, బస్సు ఆలస్యమైతే అన్నీ వెనక్కి జరుగుతాయి, మళ్లీ తిరుగు సంచి కట్టి పంపాలి. రోజు మధ్యలో ముక్కలవుతుంది కాబట్టి ఇంకో చోట పార్ట్‌టైమ్ చేసుకుంటాడనో, రెగ్యులర్ కాలేజీకి వెళ్తాడనో అనుకోకండి. డిగ్రీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదిలేయనివ్వకండి, దూరవిద్యకు మార్చండి.

నా మాట సూటిగా చెప్పాలంటే, ఇందులోనే ఉండిపోవడానికైతే వద్దు, మెట్టుగా వాడుకోవడానికైతే చేర్చండి. కొన్నేళ్ల సర్వీసు తర్వాత శాఖాపరమైన పరీక్ష రాసి 18,000 మూల వేతనంతో ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్)గా, 21,700తో పోస్టుమ్యాన్‌గా వెళ్లొచ్చు. అవి రెగ్యులర్ ఉద్యోగాలు. సాయంత్రాలు పుస్తకం పట్టుకునే ఓపిక ఉంటేనే అది జరుగుతుంది, ఆ ఓపిక వాడికుందో లేదో మీకే బాగా తెలుసు.

వాడి మొహం చిట్లింపు నామోషీ వల్లయితే కంగారుపడకండి, నెల తిరిగేసరికి పోతుంది. కొత్తవాళ్లతో మాట్లాడటమే ఇష్టం లేని పిల్లాడయితే మాత్రం బలవంతం చేయొద్దు, ఈ పనిలో రోజంతా గడప గడపకూ వెళ్లి మాట్లాడాల్సిందే.

సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు వెళ్లే ముందు ఇద్దరూ కలిసి ఆ బ్రాంచి ఆఫీసు దాకా వెళ్లి రండి. అక్కడివాళ్లను మూడే మూడు అడగండి: సంచి ఎన్నింటికి వస్తుంది, రోజూ తిరగాల్సిన బీటులో ఎన్ని ఊళ్లు ఉన్నాయి, అద్దె ఇల్లు దొరుకుతుందా. ఆఫీసు పరిధిలో నివాసం ఉండాలన్నది నిబంధన, రోజూ మీ ఊరి నుంచి వెళ్లి రావచ్చులే అనుకుని చేర్చకండి.