చీఫ్ చచ్చాక ఆ ఊళ్లో ఏం మారింది?

తమ్ముడూ,

నీ నవల రాతప్రతి చదివాను. పరుగు ఉంది, కొట్లాటలు కళ్లకు కట్టినట్టు రాశావు. అమెరికా దక్షిణాదిలో చిన్న ఊరు, సొంత ట్రక్కు కొనుక్కుందామని దాచుకున్న డబ్బుతో బయల్దేరిన నల్లజాతి డ్రైవరు, దారికాచి దోచుకునే పోలీసు చీఫ్. ఆఖర్న చీఫ్ నేలకూలగానే ఊరికి పట్టిన పీడ వదిలిందని ముగించావు. నాకు మనసు ఒప్పనిది అక్కడే. మర్నాడు ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు, ఆ చట్టమే అతని చేతిలోనూ ఉంటుంది.

నీ చీఫ్ నోట్లకట్ట లాక్కుని జేబులో కుక్కుకుంటాడు. అతనికి అంత అవస్థ అక్కర్లేదు. అమెరికాలో సివిల్ ఫోర్ఫీచర్ అనే పద్ధతి ఉంది. ఆ డబ్బుకి మత్తుమందుల వ్యాపారంతో సంబంధం ఉందనిపిస్తే చాలు, మనిషి మీద ఏ నేరమూ మోపకుండానే సొమ్ము పట్టుకోవచ్చు. కేసు సొమ్ము మీదే నడుస్తుంది. ‘అమెరికా ప్రభుత్వం వర్సెస్ 1,24,700 డాలర్లు’ అనే పేరుతో నిజంగానే ఒక కేసుంది, 2006లో అప్పీలు కోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది. 1984లో వచ్చిన చట్టం పుణ్యమా అని, కేంద్ర సంస్థలతో కలిసి పట్టుకున్న సొమ్ములో 80 శాతం దాకా స్థానిక పోలీసులకే తిరిగొస్తుంది. డ్రైవరు చేతికి రసీదు వస్తుంది. పోయిన డబ్బు కోసం కోర్టుకెక్కాలంటే లాయరును తనే పెట్టుకోవాలి. ఆ ఫీజు లెక్కేసుకుని చాలామంది ఆశ వదులుకుంటారు.

టెక్సస్‌లో టెనహా అనే చిన్న ఊరుంది. ఆ దారిన వెళ్లే నల్లజాతి, లాటినో ప్రయాణికులను ఆపి, డబ్బు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టకపోతే మనీలాండరింగ్ కేసు పెడతామనీ, పిల్లల్ని తీసుకుపోతామనీ బెదిరించారని దావా పడింది. 2012లో రాజీ కుదిరింది. ఆ కాగితం నీ నవల్లో లేదు. కారు బానెట్ మీద పెట్టిన కాగితం, పెన్ను చేతికిచ్చి ఎదురుచూసే పోలీసు, వెనక సీట్లో పాప. తుపాకీ పేలకుండానే పాఠకుడి గుండె దడదడలాడుతుంది.

ఇక విలన్లు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు రాయి. మిస్సోరీ రాష్ట్రంలోని ఫెర్గూసన్ అనే ఊరి పోలీసుల మీద 2015 మార్చిలో అమెరికా న్యాయశాఖ ఇచ్చిన నివేదిక మొత్తం చదువు. ఊళ్లో నల్లజాతివారు 67 శాతం, ఆపిన వాహనాల్లో వాళ్లవి 85 శాతం, అరెస్టుల్లో వాళ్లు 93 శాతం. నన్ను కలవరపెట్టింది అందులోని ఈమెయిల్ ఒకటి. జరిమానా టికెట్లు రాయడం బాగా పెంచకపోతే వచ్చే ఏడాది వసూళ్లు పెరగడం కష్టమని ఊరి ఫైనాన్స్ డైరెక్టరు పోలీసు చీఫ్‌కు రాశాడు. ఆ మనిషి ఎవరినీ కొట్టలేదు. బడ్జెట్ పూడ్చుకున్నాడు. అలాంటివాడు నీ కథలో ఒక్కడైనా ఉండాలి.

జాతి వివక్షను చూపించాలని ప్రతి పోలీసు నోటా తిట్లు పెట్టావు. తీసెయ్. అద్దంలో నీలి దీపాలు కనబడగానే నీ డ్రైవరు ఏం చేస్తాడో రాయి. బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపుతాడు. కిటికీ దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెడతాడు. కాగితాలు గ్లవ్‌బాక్సులో ఉన్నాయి, తీయమంటారా అని అడిగి, సరేనన్నాకే చెయ్యి కదుపుతాడు. ఇదంతా చిన్నప్పుడు తండ్రి నేర్పిన పద్ధతి. అతనికి ఆ పోలీసును పడగొట్టే బలం ఉంది. కొట్టిన ప్రతి దెబ్బా రిపోర్టులో ‘అరెస్టుకు ప్రతిఘటన’ అవుతుందనీ తెలుసు. యాక్షన్ కథకు ఇంతకన్నా గట్టి ముడి నాకు తెలియదు.

రిపోర్టు అంటే గుర్తొచ్చింది. 2020 మేలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు మినియాపోలిస్ పోలీసుల మొదటి ప్రకటన, పోలీసు చర్య సమయంలో ‘వైద్యపరమైన ఘటన’ తర్వాత ఒక వ్యక్తి మరణించాడని చెప్పింది. అతని మెడ మీద పోలీసు మోకాలితో నొక్కిన ఊసే లేదు. పదిహేడేళ్ల అమ్మాయి ఫోన్‌లో తీసిన వీడియో లేకపోతే ఆ మాటే నిలిచేది. నీ నవల్లో ఆ రాత్రి రిపోర్టు టైపు చేసేదెవరు? ఏ వాక్యం దగ్గర ఆగి, కొట్టేసి, మళ్లీ రాస్తాడు? అతన్ని పూర్తి మనిషిగా రాయి.

పోలీసులంతా తెల్లవాళ్లే కానక్కర్లేదు. బాల్టిమోర్ నగరంలో అక్రమ తుపాకులు పట్టుకోవడానికి పెట్టిన పోలీసు దళం గన్ ట్రేస్ టాస్క్‌ఫోర్స్. జనాన్ని దోచుకున్నారని 2017లో నేరారోపణలు పడ్డ ఆ దళంలో నల్లజాతి అధికారులూ ఉన్నారు. అవసరమైతే అమాయకుల దగ్గర పెట్టడానికి బొమ్మ తుపాకులు వెంట ఉంచుకునేవాళ్లమని కోర్టులో సాక్ష్యమిచ్చారు. దోపిడీకి గురైనవాళ్ల మాట ఎవరూ నమ్మరన్న ధీమాతోనే ఆ దందా ఏళ్లపాటు నడిచింది.

ముగింపు గెలుపే కావాలంటే, నిజంగా దక్కే గెలుపు ఇవ్వు. ఇండియానాలో ఒకతని బండిని 2013లో పట్టుకున్నారు. 2019లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అతని పక్షాన నిలిచింది. బండి ఇంటికొచ్చేసరికి 2020. ఆ ఏళ్లలో నీ డ్రైవరు ఏ పనికి, ఎలా వెళ్లాడో ఆలోచించు.

చీఫ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు రోడ్డు పక్క సన్నివేశం తిరగరాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య