ఎంఎఫ్ఏ కోసం రాసుకున్న 13 కాలేజీల్లో ఏవి ఉంచుకోవాలి, ఏవి తీసేయాలి?

బీఎఫ్ఏ చివరి ఏడాదిలో ఉన్నాను, ప్రింట్‌మేకింగ్‌లో (ప్లేటు, చెక్క, రాయి మీద బొమ్మ చేసి కాగితం మీద అచ్చు తీసే కళ) ఎంఎఫ్ఏ, అంటే మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ చేయాలనుంది, లిస్ట్‌లో 13 పేర్లున్నాయి, అన్నిటికీ అప్లై చేయాలా అని అడిగారు. వద్దండి. 2015లో హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో నా బీఎఫ్ఏ అయిపోయేసరికి నా నోటుబుక్కులో 14 పేర్లుండేవి. సీనియర్లు చెప్పినవి కొన్ని, పేరు విని రాసుకున్నవి కొన్ని. చివరికి నాలుగింటికే పంపాను.

నాకు ఎచింగ్ అంటే ప్రాణం, లోహపు ప్లేటు మీది గీతల్ని యాసిడ్‌తో తొలిచి ప్రింటు తీసే పద్ధతి అది. గీత గీసిన జింక్ ప్లేటును నైట్రిక్ యాసిడ్‌లో వేసి, గీతల మీద లేచే బుడగలను ఈకతో మెల్లగా తోసేస్తూ నిలబడితే టైమే తెలిసేది కాదు. అందుకని మొదట చూసింది ఒక్కటే: ప్రింట్‌మేకింగ్‌కి విడిగా డిపార్ట్‌మెంట్, సొంత స్టూడియో ఉన్నాయా? పెయింటింగ్‌లో ఒక సబ్జెక్టుగా మాత్రమే చెప్పేవి ఆరు తేలాయి. ఒక్క సాయంత్రంలో ఆరూ పోయాయి. విదేశాలవి రెండుంటే అవీ కొట్టేశాను, నాన్నకున్న రెండెకరాలు అమ్మించే ధైర్యం నాకు లేదు. మీరు మాత్రం ఫీజు మొత్తం మాఫీ చేసి, ఖర్చులకు కూడా ఇచ్చేవి ఏమైనా ఉంటే ఉంచుకోండి.

మిగిలిన ఆరింటిలో మూడింటికి స్వయంగా వెళ్లాను. మీరూ వెళ్లండి, అప్పు చేసైనా సరే. ఒకచోట (పేరు చెప్పను) ప్రాస్పెక్టస్‌లో పెద్ద ఎచింగ్ ప్రెస్ ఫొటో వేశారు. వెళ్లి చూస్తే దాని మీద దుప్పటి కప్పి ఉంది. తీసి చూశాను. రోలర్ కింద పరిచే ఉన్ని ఫెల్ట్ అట్టలా బిగుసుకుపోయింది, యాసిడ్ ట్రే అడుగున తెల్లటి పొడి తప్ప ఏమీ లేదు. అక్కడి అటెండర్ని అడిగితే, "ఇది తిరిగి ఏడాదిన్నర అయింది బాబూ" అన్నాడు. సికింద్రాబాద్ స్టేషన్‌కి వచ్చేదాకా కూడా ఆగలేదు, ట్రైన్‌లోనే ఆ పేరు కొట్టేశాను. ఇంకోచోటికి నేను వెళ్లలేదు గానీ, అక్కడ సెకండియర్ చదువుతున్న అక్క ఫోన్‌లో చెప్పింది, సాయంత్రం 5 కాగానే స్టూడియోకి తాళం పడుతుందని. ప్లేటు రాత్రి పూటే బాగా కుదిరే నాలాంటివాడికి అది సరిపడదు.

శాంతినికేతన్‌కి వెళ్లాలనుకుంటే డిసెంబర్ 1, 2 తేదీల్లో నందన్ మేళాకి వెళ్లండి. చిత్రకారుడు నందలాల్ బోస్ పుట్టినరోజుకి ముందు అక్కడి ఆర్ట్ కాలేజీ కళాభవన్‌లో జరిగే మేళా అది. పిల్లలు, మాస్టార్లు చేసిన పనులు అమ్మకానికి పెడతారు, ఎవరితోనైనా కూర్చుని మాట్లాడొచ్చు. నేను ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా దాకా వెళ్లి, అక్కడ శాంతినికేతన్‌కి దిగే బోల్పూర్ రైలెక్కాను. పేరున్న ప్రింట్‌మేకర్ సోమనాథ్ హోర్ నడిపిన గ్రాఫిక్స్ (అంటే ప్రింట్‌మేకింగే) డిపార్ట్‌మెంట్ అని ఆ పేరు రాసుకున్నాను నిజానికి. కానీ ఆయన ఎప్పుడో రిటైర్ అయ్యారు, 2006లో చనిపోయారు కూడా. గొప్పవాళ్లు ఒకప్పుడు పాఠం చెప్పారన్నది అప్లై చేయడానికి కారణం కాదు. ఇప్పుడు ఎవరు చెబుతున్నారు, వాళ్ల పని మీకు నచ్చుతుందా, అది చూడండి. నేను మేళాలో ఇద్దరు పిల్లల ప్రింట్లు కొన్నాను. ఇద్దరి గీతా వేరు వేరుగా ఉంది, మాస్టారి గీతకు నకలులా లేదు. అది చూశాకే ఆ పేరు ఖాయం చేసుకున్నాను.

బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీకి ఏడాది చివర స్టూడెంట్ల పనులు పెట్టే డిస్‌ప్లే టైమ్‌లో వెళ్లండి. అక్కడి డిగ్రీ పేరు ఎంవీఏ (మాస్టర్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్), ఎంఎఫ్ఏ కాదు, అప్లికేషన్లు వెతికేటప్పుడు గుర్తుంచుకోండి.

ఇంటి దగ్గరిదని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని మాత్రం తీసేయొద్దు. మనవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇది, నేనూ ముందు తీసేసి మళ్లీ రాసుకున్నాను. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన ప్రింట్‌మేకర్ లక్ష్మా గౌడ్ గారు బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని, ఆ తర్వాత ఈ యూనివర్సిటీలోని ఎస్.ఎన్. (సరోజినీ నాయుడు) స్కూల్‌లోనే పాఠం చెప్పారు. ఇంటి నుంచి బస్సులో వెళ్లి చూసి రాగలిగిన చోటు కదా, ముందు అక్కడికే వెళ్లండి.

పరీక్ష, పోర్ట్‌ఫోలియో, ఇంటర్వ్యూ పద్ధతులు మారుతుంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. నాలుగే అయితే ఒక్కోదానికి విడిగా పోర్ట్‌ఫోలియో పేర్చుకునే తీరిక దొరుకుతుంది. 13 పెట్టుకుంటే అదే ఫైల్ అందరికీ పంపి టెన్షన్ పడుతూ కూర్చోవడమే.

నాకు శాంతినికేతన్‌లో సీటొచ్చింది. శిల్పి రామ్‌కింకర్ బైజ్ సిమెంటు, గులకరాళ్లతో చేసిన సంథాల్ కుటుంబం విగ్రహం పక్కనుంచే రెండేళ్లు రోజూ స్టూడియోకి నడిచాను.

మీ పోర్ట్‌ఫోలియోలో ఎచింగ్‌లు ఎక్కువా, ఉడ్‌కట్‌లా (చెక్క మీద చెక్కి తీసేవి), లిథోనా (రాయి మీద గీసి తీసేవి)? ఆ 13 పేర్లు కూడా కింద రాయండి. లిథో అయితే రాళ్లు నిజంగా వాడుతున్న కాలేజీలు ఏవో నాకు తెలిసినంతలో చెబుతాను.