అందరూ అమ్మను పొగుడుతుంటే నాకు కోపం వస్తోంది

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు, లూథరన్ సంఘం. అమ్మ పోయినేడు 74 ఏళ్ల వయసులో ప్రభువునందు నిద్రించింది. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు కొత్త కోడలుగా ఉన్న అమ్మ, గుడి ఆడవాళ్లతో కలిసి ఇంటింటికీ తిరిగి బియ్యం, పాత బట్టలు పోగుచేసిందట. అక్కడ మొదలై చివరిదాకా స్త్రీల సమాజం కార్యదర్శిగా, సండే స్కూలు టీచరుగా, పెద్దాసుపత్రిలో దిక్కులేని రోగులకు తోడుగా బతికింది. వచ్చే నెల జ్ఞాపకార్థ కూడిక. ‘మీ అమ్మలాంటి త్యాగమూర్తి లేదు’ అని అందరూ అంటుంటే నాకు లోపల కోపం వస్తోంది. నా పదో తరగతి పరీక్షలప్పుడు కూడా అమ్మ ఎవరో బాలింత పక్కన ఆస్పత్రిలోనే ఉంది. ఇలా అనుకుంటున్నందుకు సిగ్గేస్తోంది. ఇంతవరకు సరిగ్గా ఏడవలేదు. మా పాస్టరు అయ్యగారు కూడికలో మాట్లాడమన్నారు, అమ్మ చేసిన పని నన్నే తీసుకోమంటున్నారు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య గ్రానైట్ సమాధి, ఐదొందల మందికి భోజనాలు అంటున్నాడు. అమ్మకు ఆడంబరం గిట్టదని నేనంటే గొడవ. ఏం చేయను?
— ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ కోపం అమ్మ మీద కొంతే. ఎక్కువ కోపం, జనం మీకు వర్ణించి చెబుతున్న ఆ మనిషి మీద. ఆ మనిషికి అలుపు లేదు, విసుగు లేదు, ఇంట్లో పరీక్షలకు చదువుకుంటున్న కూతురూ లేదు. మీకు తెలిసిన అమ్మ అందులో కనిపించడం లేదు. అందుకే ఆ పొగడ్త వింటుంటే ఆమెను మరోసారి పోగొట్టుకున్నట్టు ఉంది మీకు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

‘త్యాగమూర్తి’ అన్న ఆ మాటను నేనూ ఒప్పుకోను. ఆమె కోడలిగా వచ్చిన రోజులు గుర్తు చేసుకోండి. పల్లెలో పెళ్లయిన ఆడపిల్లను ఫలానావారి కోడలు అనో, ఫలానా పిల్లల తల్లి అనో పిలిచేవారు. స్త్రీల సమాజంలో మాత్రం ఆమెను సొంత పేరుతో పిలిచారు. అక్కడ మినిట్స్ పుస్తకం రాసింది, కానుకగా వచ్చే పిడికెడు బియ్యం లెక్క చూసింది, నలుగురి ముందు నిలబడి గొంతెత్తి ప్రార్థన చేసింది, మీటింగుకని ఒంటరిగా బస్సెక్కి గుంటూరు వెళ్లింది. గుంటూరు ప్రాంతంలో దీని వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1883లో అన్నా కూగ్లర్ అనే డాక్టరమ్మ వచ్చి ఆడవాళ్ల కోసం వైద్యం మొదలుపెట్టింది. ఆ కాలంలోనే బైబిలు స్త్రీలు గడప గడపకూ వెళ్లి ఆడవాళ్లకు వాక్యంతోపాటు అక్షరాలూ నేర్పారు. గడప దాటి పనిచేయడం వాళ్ల నుంచి మీ అమ్మ తరానికి అందింది. ఆమె సర్వం వదులుకుని వెళ్లిందని నేను అనుకోవడం లేదు. ఇష్టపడి వెళ్లింది. అక్కడ ఆమె మరింత ఎదిగింది.

ఈ మాట మొదట మిమ్మల్ని ఇంకా నొప్పించవచ్చు. ‘అంటే నాకంటే అదే ఇష్టమా?’ అనిపిస్తుంది. కొన్ని రాత్రులు, అవును, ఆమె దాన్నే ఎంచుకుంది. ఆ రాత్రుల్లో మీరు ఒంటరిగా ఉన్నారు. ఆమె మంచితనం చూపి ఆ బాధను కొట్టేయడం న్యాయం కాదు, ఈ బాధను చూపి ఆమె మంచితనాన్ని తగ్గించనూ అక్కర్లేదు. దేవుని పనికి వెళ్లింది కాబట్టి పిల్లకు నొప్పి కలగకూడదన్న నియమం ఎక్కడా లేదు.

ఏడుపు సంగతి. మన సంఘాల్లో ఆదరణ కూడిక రోజునే ‘ఆమె ప్రభువు దగ్గర ఉంది, ఏడవకూడదు’ అంటారు. మంచి మనసుతోనే అంటారు, కానీ అది చాలామందికి గొంతులో అడ్డుపడిపోతుంది. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసీ యేసు అతని సమాధి దగ్గరికి వెళ్తూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. నిరీక్షణ ఉన్నవాళ్లూ ఏడుస్తారు.

కూడికకు ముందు ఒక పని చేయండి. అమ్మ దగ్గరుండి చూసుకున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లను వాళ్ల ఇంటికే వెళ్లి కలవండి. ‘మా అమ్మ ఎలాంటిది?’ అని అడగొద్దు, మళ్లీ అదే పొగడ్త వస్తుంది. ‘ఆ రాత్రి ఏం జరిగింది? అమ్మ ఏం తిన్నది? ఎక్కడ పడుకుంది? మా గురించి ఏమైనా అనేదా?’ అని అడగండి. మీరు కోరుకున్న జవాబు రాకపోవచ్చు, దానికి సిద్ధపడి వెళ్లండి. అయినా మీరు ఇంట్లో ఎదురుచూసిన ఆ రాత్రుల్లో ఆమె ఏం చేస్తూ ఉందో తెలుస్తుంది. అపొస్తలుల కార్యముల తొమ్మిదో అధ్యాయంలో బీదలకు సాయం చేసే దొర్కా అనే శిష్యురాలు చనిపోయినప్పుడు ఆమె గుణగణాల మీద ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. విధవరాళ్లు ఏడుస్తూ, ఆమె కుట్టిపెట్టిన అంగీలు, బట్టలు పేతురుకు చూపించారు. అంతే.

మీరు మాట్లాడేటప్పుడూ అలాగే ఒకటి రెండు సంగతులు చూపించండి. ఉదాహరణకు, ‘నా పదో తరగతి పరీక్షలప్పుడు అమ్మ ఆస్పత్రిలో ఒక బాలింత పక్కన ఉంది. నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ కొంత ఉంది. కానీ ఆ తల్లికి ఆ రాత్రి ఇంకెవరూ లేరు’ అనండి. ఇది ఫిర్యాదు కాదు, అబద్ధమూ కాదు. ఆ మాట పైకి చెప్పడం కష్టమనిపిస్తే చెప్పకండి, అమ్మకు ఉత్తరంలా రాసుకోండి. ‘మా అమ్మ ఎప్పుడూ విసుక్కోలేదు’ లాంటి మాట మాత్రం మీ నోట రానివ్వొద్దు, అది మిమ్మల్ని చాలాకాలం వెంటాడుతుంది.

స్త్రీల సమాజం బాధ్యత కూతురికి ఆస్తిలా సంక్రమించేది కాదు. అయ్యగారితో సూటిగా చెప్పండి: ‘అమ్మ స్థానం నేను తీసుకోలేనండి. లెక్కల పుస్తకాలు, తాళాలు సమాజానికి అప్పగిస్తాను.’ అమ్మతోపాటు ఏళ్ల తరబడి తిరిగిన ఆడవాళ్లలో ఆ పని చేయగలవాళ్లు తప్పకుండా ఉంటారు. మీకు నిజంగా ఇష్టమైన చిన్న పని ఏదైనా ఉంటే ఎప్పుడైనా చేయవచ్చు, లేకపోతే లేదు.

ఏడాది నిండుతున్నా నిద్ర పట్టకపోవడం, పనులు చేయలేకపోవడం, బతుకు మీద ఆశ పోవడం ఉంటే ఆలస్యం చేయకండి. విడవని దుఃఖాన్ని చికిత్స అవసరమైన సమస్యగా ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గుర్తించింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక అన్నయ్య. ఆయన భూస్థాపనకు రాగలిగారో లేదో మీరు రాయలేదు. ఫోన్‌లోనే చూసి ఉంటే, చేత్తో పిడికెడు మట్టి వేయలేకపోయిన కొడుకు ఆ రాయిని ఎందుకు అంతగా కోరుకుంటున్నాడో ఆలోచించండి. దాన్ని ఆడంబరమని కొట్టేయకండి. భోజనాలు గుడికి వచ్చినవాళ్ల వరకు చాలని, మిగిలిన డబ్బు ఆస్పత్రిలో రోగుల వెంట ఉండేవాళ్ల తిండికి ఇద్దామని అడిగి చూడండి. రాయి వచ్చే నెలకే సిద్ధం కానక్కర్లేదు. నవంబరు 2 సమాధుల పండుగకు ఆయన రాగలిగితే అప్పుడు కలిసి పెట్టించవచ్చు. దాని మీద ఏం చెక్కించాలో మాత్రం ఇద్దరూ కూర్చుని రాయండి. ఫలానావారి భార్య అన్న వరుస కంటే పైన అమ్మ సొంత పేరు ఉండాలని, దాని కింద ‘స్త్రీల సమాజం కార్యదర్శి’ అని ఉండాలని అడగండి. ఈ వారమే ఫోన్ చేయండి, ముందు ఈ సంగతే మాట్లాడండి. ఐదొందల మంది లెక్క తర్వాత చూసుకోవచ్చు.