కంప్యూటర్ సందేహాలు: నెట్ ఉన్నా బొమ్మ ముక్కలవుతోంది!

ప్రశ్న: ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది. ఫోన్లో యూట్యూబ్ చక్కగా వస్తోంది. అదే వీడియో పాత డెస్క్‌టాప్‌లో పెడితే సౌండ్ బాగానే ఉంటోంది గానీ బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తోంది. నాలుగో జనరేషన్ ఐ3, 4 జీబీ ర్యామ్. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మారమంటారా?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: వద్దండీ, ఆ డబ్బు దండగ. నెట్ చాలకపోతే బొమ్మా సౌండూ రెండూ ఆగి, తెర మధ్య చక్రం తిరుగుతుంది. మీకు సౌండ్ ఆగడం లేదు. అంటే వీడియో ఇంటిదాకా వస్తోంది, దాన్ని విప్పి చూపించలేక కంప్యూటర్ చతికిలపడుతోంది. 1080పీ వీడియోకు 5 ఎంబీపీఎస్ ఉంటే చాలు.

వీడియో మీద మౌస్ కుడి బటన్ నొక్కి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరవండి. 'ఫ్రేమ్స్' దగ్గర 'డ్రాప్డ్' అంకె ఎడతెగకుండా పెరుగుతుంటే అనుమానం నిజమే. 'కోడెక్స్' (వీడియోను కుదించి పంపే పద్ధతులు) వరసలో వీపీ09 (వీపీ9) అనో ఏవీ01 (ఏవీ1) అనో ఉంటుంది చూడండి, చిక్కంతా అక్కడే. మీ చిప్‌లోని గ్రాఫిక్స్‌కు పాత పద్ధతి హెచ్.264ను విప్పడం వచ్చు. వీపీ9ను పూర్తిగా విప్పడం ఇంటెల్ ఏడో జనరేషన్‌తో, ఏవీ1 పదకొండో జనరేషన్‌తో వచ్చాయి. అందుకే ఆ బరువంతా ప్రాసెసర్ నెత్తిన పడుతోంది.

ముందు క్రోమ్ సెట్టింగ్స్‌లో 'సిస్టమ్' తెరిచి గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ (వీడియో విప్పే పనిని గ్రాఫిక్స్‌కు అప్పగించడం) ఆన్‌లో ఉందో లేదో చూడండి. లేకుంటే ఆన్ చేసి క్రోమ్ మూసి తెరవండి. తేడా రాకపోతే ఫైర్‌ఫాక్స్ వేసుకుని, దాని యాడ్-ఆన్లలో 'హెచ్264ఐఫై' కలపండి. అది యూట్యూబ్ చేత హెచ్.264 వీడియోనే పంపిస్తుంది. కోడెక్స్ వరస ఏవీసీ1గా (అంటే హెచ్.264గా) మారితే పని జరిగినట్టే. ఇలా చేస్తే 1080పీకి మించి రాదు. మీ మానిటర్ 1366x768 అయితే 720పీ పెట్టుకున్నా కంటికి తేడా తెలియదు. 4 జీబీలో పది ట్యాబ్‌లు తెరిచిపెట్టకండి.

మొదట బాగా ఆడి, పావుగంట తర్వాత ముక్కలవుతుంటే అది వేడి. కోనసీమ చెమ్మకు దుమ్ము ప్రాసెసర్ ఫ్యాన్ కింది రేకుల్లో అట్టకట్టేస్తుంది. ప్లగ్ తీసేసి, రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో దులపండి. హీట్‌సింక్ (ఆ రేకుల దిమ్మ) విప్పితే మాత్రం దాని కింద వేడి లాగే పాత పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాల్సిందే.

ప్రశ్న: రూటర్ కింద, కంప్యూటర్ మేడ మీద. వీడియోలో చక్రం తిరుగుతూనే ఉంటుంది.
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: వైఫై సిగ్నల్‌ను శ్లాబు మింగేస్తోంది. క్యాట్5ఈ ల్యాన్ కేబుల్ లాగించండి, 100 మీటర్ల దాకా ఢోకా లేదు.

ప్రశ్న: కరెంటు పోయి వస్తే చాలు, ఏ సైటూ తెరుచుకోదు. 'కనెక్షన్ ప్రైవేట్ కాదు' అంటుంది.
— ఒక పాఠకుడు, సఖినేటిపల్లి

జవాబు: తెర మూలన తేదీ చూడండి. ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పితే సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి. సీఆర్2032 అని అడిగి 3 వోల్టుల బిళ్ల తెచ్చి, ప్లగ్ తీసి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా వేయండి. ఆనక తేదీ, టైము సరిచేయండి.