తాతయ్యగారి కంప్యూటర్‌కి లైనక్స్ ఎక్కించే ముందు

చి. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

తల్లీ, మీ తాతయ్యగారి కంప్యూటర్ ఆన్ చేసి, కాఫీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటోందని, సెలవుల్లో విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేస్తానని రాశావు. ఆలోచన మంచిదే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆయన కంప్యూటర్లో ఉన్నది నాలుగో తరం ఐ3 ప్రాసెసర్. విండోస్ 11కి కనీసం ఎనిమిదో తరమైనా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా కావాలి. నిక్షేపంలాంటి మిషన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేయడం నాకూ ఇష్టం లేదు.

కానీ ఆయన ఊళ్లో లేనప్పుడు మార్చేసి సర్‌ప్రైజ్ ఇస్తానన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు. అది ఆయన వస్తువు. ముందు అడుగు, ఒప్పుకున్నాకే చెయ్యి వెయ్యి. ఒక పూట పక్కన కూర్చుని ఆయన ఏం చేస్తారో ఊరికే చూడు. ఏ గుర్తు మీద నొక్కుతున్నారు, ఫైళ్లు ఎక్కడ పెట్టుకుంటున్నారు, పాస్‌వర్డ్‌లు డైరీలో ఉన్నాయా, బ్రౌజరే గుర్తుపెట్టుకుందా? రేపు నువ్వు సర్దాల్సింది అదే వరసలో.

నా భయమంతా ఆయన పద్యాల గురించే. ఆయన వాటిని అనూ ఫాంట్లలో, యాపిల్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుట్‌లో టైప్ చేసుకున్నారు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతివి కావు. అవి లేని కంప్యూటర్లో ఫైల్ తెరిస్తే పద్యం ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ, పిచ్చి గుర్తులూ కనిపిస్తాయి. ఏళ్ల తరబడి రాసుకున్నది అలా కనిపిస్తే పెద్దాయనకి గుండె ఆగినంత పనవుతుంది. అందుకని విండోస్ ఉండగానే ఒక్కో ఫైలూ తెరిచి పీడీఎఫ్‌గా దాచు. ఆ తర్వాత తీరిగ్గా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చవచ్చు. వత్తులూ గుణింతాలూ అక్కడక్కడా తారుమారవుతాయి కాబట్టి ప్రూఫ్ ఆయన చేతే చూపించు. తెలుగు పండితుడిగా రిటైరైన మనిషి, ఆ పని సంతోషంగా చేస్తారు. లైనక్స్‌లో భాషల టైపింగ్ చూసుకునే ఐబస్‌కి ఎం17ఎన్ అనే కీబోర్డుల కట్ట జోడిస్తే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ అనే లేఅవుట్లతో పాటు యాపిల్ లేఅవుట్ కూడా వస్తుంది. ఒక పద్యం టైప్ చేయించి చూడు. ఈ వయసులో వేళ్లకి కొత్త అలవాటు నేర్పించకు.

గుడి కరపత్రాలు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో చేస్తుంటారు కదా, దానికి లైనక్స్ వెర్షన్ లేదు. అందుకే చెబుతున్నా, పాత హార్డ్ డిస్క్‌ని చెరపొద్దు. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఒకటి కొని, లైనక్స్ దానిమీద ఎక్కించు. పాతదాన్ని విండోస్‌తో సహా అలాగే విప్పి బీరువాలో పెట్టు. అసలు ఆ నత్తనడకకి సగం కారణం ఆ తిరిగే డిస్కే. నాలుగు జీబీ ర్యామ్ ఉంది కాబట్టి లైనక్స్‌లో ఒక రకమైన మింట్‌ని, అందులోనూ తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్నదాన్ని ఎక్కిస్తే హాయిగా నడుస్తుంది.

ఎక్కించే ముందు పెన్‌డ్రైవ్ నుంచే మింట్‌ని నడిపి వైఫై, సౌండ్, ప్రింటర్ చూసుకో. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు ఇబ్బంది పెట్టవు. మన ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 అయితే మాత్రం డ్రైవర్ ఎక్కించడం పెద్ద చాకిరీ. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం విండోస్‌లో వేలిముద్ర యంత్రం వాడుతున్నారేమో కనుక్కో. జీవన్ ప్రమాణ్ (ఆ సర్టిఫికెట్ డిజిటల్ రూపం) ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లో ముఖం చూపించి కూడా చేసుకోవచ్చు, దానికి టెన్షన్ అక్కర్లేదు.

అంతా అయ్యాక అక్షరాలు పెద్దవి చెయ్యి, గుర్తులు పాత చోట్లలోనే పెట్టు, డెస్క్‌టాప్ మీద మీ అమ్మమ్మగారి ఫొటో మళ్లీ పెట్టడం మరవకు. సిస్టమ్ పాత స్థితిని దాచిపెట్టే టైమ్‌షిఫ్ట్ ఆన్ చేసి ఉంచు, ఏదైనా అప్‌డేట్ వికటిస్తే వెనక్కి వెళ్లొచ్చు. ఆయన తడబడితే మౌస్ లాక్కోకు. నోటితో చెప్పు, చెయ్యి ఆయన్నే చెయ్యనీ. సెలవుల చివరి రోజున కాకుండా మొదటి రోజే ఈ పని పెట్టుకో, అసలు సందేహాలు రెండో రోజు నుంచే మొదలవుతాయి. "మీ కంప్యూటర్లో వైరస్ ఉంది" అని ఎవరు ఫోన్ చేసినా పెట్టేయమనీ, నీకూ నాకూ తప్ప ఎవరికీ, దూరం నుంచి కంప్యూటర్ నడిపించనిచ్చే ఎనీడెస్క్ నంబర్ చెప్పొద్దనీ గట్టిగా చెప్పు.

ఎస్‌ఎస్‌డీ కొనేలోపు ప్రింటర్ మోడల్ నంబర్ ఫొటో తీసి పంపు, చూసి చెబుతాను.

మీ అత్తయ్య