చదివింది గుర్తుండట్లేదని కోర్సు మారిపోవాలా?

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ నర్సింగ్ ఫస్ట్ ఇయర్. రోజుకి 9, 10 గంటలు చదువుతున్నా. చదివేటప్పుడు అన్నీ అర్థమవుతాయి, ఎగ్జామ్ హాల్లో కూర్చుంటే మాత్రం ఏదీ గుర్తురాదు. పరీక్షలప్పుడు రాత్రి 2 దాకా చదివి పొద్దున్నే 6కి లేస్తా. బ్రెయిన్ గేమ్స్ యాప్ ఒకటి డబ్బులు కట్టి 3 నెలలు ఆడా, ఏం తేడా లేదు. మెమరీ మాత్రలు వాడమని ఫ్రెండ్స్ అంటున్నారు. నాకు బ్రెయిన్ పవర్ తక్కువేమో, బట్టీ పట్టే పని లేని వేరే కోర్సుకి మారిపోమంటారా? ఇంకా ఐదు వారాల్లో పరీక్షలు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జవాబు: తల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. చదివేటప్పుడు అన్నీ అర్థమవుతాయి అన్నావు చూడు, ఆ ఒక్క మాట చాలు నీ బుర్రకేం తక్కువ లేదని చెప్పడానికి. అర్థం చేసుకోవడం ఒక పని, దాన్ని కావాల్సినప్పుడు బయటికి తీయడం ఇంకో పని. మొదటిది నువ్వు రోజుకి 10 గంటలు చేస్తున్నావు, రెండోది ఎగ్జామ్ హాల్లో తప్ప ఇంకెక్కడా చెయ్యట్లేదు, మరి అక్కడ చెయ్యి ఆడకపోతే ఆశ్చర్యం ఏముంది చెప్పు.

ఇప్పుడే ఒక పని చెయ్యి. గుండెలో రక్తం తిరిగే దారి నువ్వు ఈపాటికి పదిసార్లైనా చదివుంటావు కదా, పుస్తకం మూసేసి ఒక తెల్లకాగితం మీద రాయి. రైట్ ఏట్రియంతో మొదలుపెడతావు, తర్వాత రైట్ వెంట్రికల్, ఆ రెంటికీ మధ్య వాల్వ్ దగ్గరికొచ్చేసరికి ట్రైకస్పిడా మైట్రలా అని ఆగిపోతావు, కాస్త ముందుకెళ్ళాక ఊపిరితిత్తులకి రక్తం తీసుకెళ్ళేది ఆర్టరీనా వెయినా అని మళ్ళీ తడబడతావు. ఆ తడబడ్డ చోట వెంటనే పుస్తకం తెరవకు. పెన్ను పట్టుకుని ఒక నిమిషం అలాగే కూర్చో, గుర్తుతెచ్చుకోవడానికి గింజుకో, ఆ గింజుకోవడమే అసలు చదువు. వస్తే సరే, రాకపోతే అప్పుడు తెరిచి చూసి ఎర్ర పెన్నుతో అక్కడే సరిచెయ్యి. అంతసేపు తన్నుకున్నాక కనిపించిన జవాబు అంత తేలిగ్గా పోదు, నువ్వే చూస్తావు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని రెండోసారి కూడా చదివించారు, ఇంకో పాఠాన్ని ఒకసారి చదివించి రెండోసారి చూడకుండా రాయమన్నారు. 5 నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివిందే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత అడిగితే తిరగబడింది, చూడకుండా రాసిన పాఠంలో 56 శాతం దాకా గుర్తుంటే మళ్ళీ చదివిన పాఠంలో 42 శాతమే మిగిలింది. నువ్వు మోసపోతున్నది సరిగ్గా ఇక్కడే తల్లీ. మళ్ళీ మళ్ళీ చదివితే పేజీ కళ్ళకి అలవాటైపోయి 'ఆ ఇది నాకు వచ్చు' అనిపిస్తుంది. నా దగ్గరకొచ్చే పిల్లల పుస్తకాలు తెరిచి చూస్తుంటా కదా, కొన్ని పేజీల్లో హైలైటర్ పడని లైనే ఉండదు, మొత్తం పసుపే, పక్కన ఒక్క ప్రశ్న కూడా రాసుకుని ఉండరు. పుస్తకం మూసి అడిగితే పేజీలో ఏ మూల ఉందో చెప్తారు కానీ అందులో ఏముందో చెప్పలేరు, నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే ఆ కష్టం అబద్ధం కాదు కదా.

ఇక మర్చిపోవడం గురించి. 1885లోనే ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల వరసలు తనే బట్టీపట్టి ఎంత టైమ్‌కి ఎంత పోతోందో లెక్క రాసుకున్నాడు. గంట గడిచేసరికే సగానికి పైగా పోయింది, ఒక రోజుకి మూడో వంతే మిగిలింది, ఆ తర్వాత మాత్రం తగ్గడం నెమ్మదించింది. అంటే మర్చిపోవడం జబ్బు కాదు, అందరి మెదడూ చేసేదే. మందు ఏంటంటే పూర్తిగా పోకముందే మళ్ళీ బయటికి లాగడం. ఇవాళ రాసిన గుండె బొమ్మ రేపు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, వారానికి ఒకసారి, ప్రతిసారీ చూడకుండానే, పది నిమిషాలు చాలు. ఒక్క రోజే నాలుగు గంటలు కూర్చుని ఒకే చాప్టర్ రుబ్బడం కంటే అదే టైమ్ నాలుగు రోజులకి పంచితే ఎక్కువ నిలుస్తుంది. ఇలా చేస్తే నీకు 10 గంటలు అక్కర్లేదు, 5, 6 గంటలు శుభ్రంగా చదివితే సరిపోవచ్చు.

అలా మిగిలిన టైమ్ నిద్రకి ఇచ్చెయ్యి. దీని మీద మాత్రం నేను బేరమాడను. పగలు చదివినదాన్ని మెదడు ముందు హిప్పోక్యాంపస్ అనే చోట తాత్కాలికంగా పెట్టుకుంటుంది, గాఢనిద్రలో మళ్ళీ తిరగేసి పైపొరల్లో గట్టిగా దాచుకుంటుంది. 2కి పడుకుని 6కి లేచావంటే కావాల్సిన నిద్రలో దాదాపు సగం కోసేశావన్నమాట, పైగా మర్నాడు హాల్లో బుర్ర మొద్దుబారి ఉంటుంది. నీ వయసుకి కనీసం 7 గంటలు కావాలి. సాయంత్రం కాఫీ కూడా చూసుకో, తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోడానికే చాలామందికి 5 గంటలు పడుతుంది, 6కి తాగితే 11కి ఇంకా సగం పనిచేస్తూనే ఉంటుంది.

ఫోన్ సంగతి నీకు తెలిసిందే, పెద్దగా సాగదీయను. మనసు ఒకేసారి పట్టుకోగలిగేది నాలుగైదు ముక్కలే, అందులో ఒకటి 'ఎవరు మెసేజ్ పెట్టారో' అయితే చదువుకి మిగిలేది తక్కువ. సైలెంట్‌లో పెట్టి పక్కన పెట్టుకోవడం కాదు, వేరే గదిలో పెట్టు.

రోజూ ఒక అరగంట నడువు. 2011లో 120 మంది పెద్దవయసు వాళ్ళ మీద చేసిన స్టడీలో ఏడాది పాటు వారానికి 3 రోజులు నడిచినవాళ్ళ హిప్పోక్యాంపస్ 2 శాతం దాకా పెరిగింది, నడవకుండా స్ట్రెచింగ్ లాంటివి చేసినవాళ్ళకి తగ్గింది. వాళ్ళు పెద్దవాళ్ళు, నీకూ అచ్చం అంతే జరుగుతుందని నేను చెప్పను, కానీ నడిచొచ్చాక తల తేలికపడటం మొదటి రోజే తెలుస్తుంది. నడుస్తూ మెదడు నుంచి నేరుగా వచ్చే 12 జతల నరాలు, అదే క్రేనియల్ నర్వ్స్, వాటి పేర్లు వరసగా పైకి చెప్పుకో, ఎక్కడ ఆగావో ఇంటికొచ్చి చూసుకో.

గేమ్స్ యాప్ ఆడితే ఆ గేమ్‌లో స్కోర్ పెరుగుతుంది, అనాటమీలో పెరగదు. ఇలాంటి ఒక పెద్ద కంపెనీ ప్రకటనల్లో ఎక్కువ చేసి చెప్పిందని 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే 20 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. మాత్రలు ఎవరో చెప్పారని వేసుకోవద్దు. దాని బదులు ఒకసారి డాక్టర్‌ని కలువు, ఎందుకంటే రక్తహీనత, థైరాయిడ్ తేడా, బి12 తక్కువవడం, డిప్రెషన్, వీటిలో ఏదున్నా చదువు మీద ధ్యాస నిలవదు, గుర్తుండదు, అవన్నీ పట్టుకోగలిగినవే, చికిత్స ఉన్నవే. ఎప్పుడూ నీరసంగా ఉంటున్నా, ఏ పని మీదా ఇష్టం లేకపోయినా వాయిదా వెయ్యకు.

ఇప్పుడు కోర్సు మాట. గుర్తుపెట్టుకునే పని లేని కోర్సు అంటూ నాకు ఒక్కటి కూడా తెలీదు తల్లీ, కోడింగ్‌కి వెళ్ళినా అకౌంట్స్‌కి వెళ్ళినా ఇదే బుర్ర, ఇదే పద్ధతి నీ వెంటే వస్తాయి. పైగా వార్డులో నర్స్ అన్నీ తలలో మోసుకుని తిరగదు, డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ వివరాలు చెప్పి అప్పగిస్తారు, చార్ట్ చూస్తారు, కొన్ని మందుల డోస్ ఇంకొకరితో సరిచూయించుకుని గానీ ఇవ్వరు. మనిషి జ్ఞాపకం తప్పు చేస్తుందని తెలిసే ఆ ఏర్పాట్లన్నీ పెట్టారు. క్లినికల్ పోస్టింగ్‌కి, అంటే ఆసుపత్రి వార్డుల్లో పని నేర్చుకోడానికి వెళ్ళినప్పుడు నీకెలా ఉంటుందో నువ్వు రాయలేదు, నాకు కావాల్సింది అది. పేషెంట్ దగ్గర నిలబడటమే నచ్చకపోతే అది వేరే సంగతి, అప్పుడు మారడం గురించి ఆలోచిద్దాం. మార్కులు రావట్లేదన్న ఒక్క కారణానికైతే ఇప్పుడే మారొద్దు. ఇంట్లో మాత్రం ఈ వారమే చెప్పు, మారతానని కాదు, కష్టంగా ఉందని చెప్పు, ఆ బరువు ఒక్కదానివే మోస్తూ ఎలా చదువుతావు?

ఐదు వారాలు ఉందన్నావుగా, చాలు. ఇవాళ రాసిన గుండె కాగితం మీద తేదీ వేసి దాచు. నాలుగు వారాల తర్వాత పుస్తకం చూడకుండా మళ్ళీ రాసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పంపు, ఎర్ర గీతలు ఎన్ని తగ్గాయో ఇద్దరం చూసి కోర్సు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.